జేబులో ఫ్యూజు

ఏప్రిల్ 11

చిరంజీవి వాగుడుకాయకి,

ఆశీర్వాదాలు తరవాత. ముందు తిట్లు. కూర్చుని చదువు.

నిన్న పొద్దున్నే వీధిలో కరెంటు పోయింది. పోతే పోయింది, నాకేం అనుకున్నాను. డాబా మీద మీ కంపెనీ సోలార్ పలకలున్నాయి, గోడకి ఎండని కరెంటు చేసే మీ కంపెనీ తెల్ల పెట్టె ఉంది, నెత్తిన ఎండ మాడ్చేస్తోంది. ఇంకేం కావాలి? తీరా చూస్తే పొదిగే మిషన్‌లో దీపం ఆరిపోయి ఉంది. పెట్టె దగ్గరికి పరిగెత్తాను. దాన్లోనూ చలనం లేదు. తట్టాను, కొట్టాను, నోటికొచ్చినవన్నీ తిట్టాను. దుమ్ము పట్టిందేమోనని డాబా ఎక్కి పాత తువ్వాలుతో పలకలన్నీ తుడిచాను. చేతులు కాలాయి. పలకలు తళతళా మెరిశాయి. పెట్టె మాత్రం ఉలకలేదు, పలకలేదు.

కరెంటు మళ్ళీ సాయంత్రానికి గానీ రాలేదు. ఈలోపు గుడ్లన్నీ చల్లబడిపోయాయి. రేపో మాపో పిల్లలు కావలసినవి. కొన్నిటి పెంకు మీద అప్పటికే పగుళ్ళు కూడా వచ్చాయి. లోపల్నుంచి ముక్కుతో కొట్టుకునే చప్పుడు మీకందరికీ వినపడుతుంది. నాకు మగ్గాల షెడ్డులో చెవులు పోయాయి కాబట్టి వేలు ఆనించి చూసుకుంటాను. పొద్దున వేలికి టకటకా తగిలాయి. సాయంత్రానికి ఒక్కటీ తగల్లేదు.

నీ మాటలు నమ్మి డీజిల్ జనరేటర్ అమ్మేసుకున్న దాన్ని. నాకిలాగే కావాలి.

ఇదంతా ఒక ఎత్తు. ఆ తరవాత జరిగింది ఇంకో ఎత్తు. మా ఇంటి ఎదురుగా బస్టాపు దగ్గర తలుపంత బొమ్మ పెట్టించావు కదా, నా మొహంతో. కింద ఏం రాయించావు? "కరెంటు పోయినా నాకు దిగుల్లేదు!" అది చూసి, నన్ను చూసి, మా వీధిలో పదకొండు ఇళ్ళవాళ్ళు అవే పలకలు పెట్టించుకున్నారు. నిన్న పదకొండు ఇళ్ళలోనూ పెట్టెలు ఆగిపోయాయి. అందరూ తిన్నగా నా గుమ్మంలోకి వచ్చారు. టైలరమ్మ చేతిలో సగం కుట్టిన జాకెట్టు ఉంది. అది నా మొహాన కొట్టలేదు, అదొక్కటే తక్కువ. లెక్కల మాస్టారు రాతపలక మీద సుద్దతో రాసి చూపించారు: "మీరు చెబితేనే కదమ్మా కొన్నాం."

నేనెప్పుడు చెప్పానే? ఆ రోజు ఫోటోవాడితో నువ్వే వచ్చావు. కరెంటు పోతే భయం వేయదా అత్తా అని అడిగావు. "నా కొడుకు లైన్‌మన్. ఏ వానలో అయినా వెళ్ళి స్తంభం ఎక్కుతాడు. అందుకని కరెంటు పోయినా నాకు దిగుల్లేదు" అన్నాను. అందులో నీ పెట్టె ఊసెక్కడుంది? నా కొడుకుని కోసేసి, తోక ముక్క తీసుకెళ్ళి మీ పెట్టెకి తగిలిస్తావా?

ఆ కొడుకు, నీ స్తంభం బావ, క్షేమమే. నిన్న కూడా పని ముగించి ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు జేబులో వేసుకునే ఇంటికొచ్చేశాడు. నేను చొక్కా నానబెట్టాను. వీధంతా ఎదురుచూస్తుంటే ఫ్యూజు సబ్బునీళ్ళలో తేలింది. ఎక్కేముందు అది పీకి జేబులో వేసుకోనిదే వాడు తీగ ముట్టడు కదా. ఫ్యూజు నా జేబులో ఉన్నంతసేపూ నన్నెవడూ చంపలేడమ్మా అంటాడు. నాకు ధైర్యమంటే అదీ. మీ పెట్టె కాదు.

వాడి ఫోన్‌లో నాకు సందేశాలు పెట్టకు. వాడు నీ మాటలు వడకట్టి నాకు రాసి చూపిస్తాడు, నా తిట్లు వడకట్టి నీకు చెబుతాడు. ఉత్తరమే రాయి.

మండిపోతున్న
అత్త


ఏప్రిల్ 17

అత్తా,

నమస్కారాలు. తిట్లు ముట్టాయి. కవరు చింపుతుంటేనే వేళ్ళు కాలాయి.

గుడ్లు పోయినందుకు నిజంగా ఏడుపొచ్చింది. కానీ నన్నొక్కదాన్నే బోనులో నిలబెడితే ఎలా? నేను ప్రకటనలు రాసే మనిషిని. పెట్టెలో ఏముందో నాకు మటుకు ఏం తెలుసు? నీ ఉత్తరం రాగానే వెళ్ళి అడిగాను. వీధి కరెంటు పోతే పెట్టె కూడా ఆగిపోతుందట. అది అంతేనట. ఆగకుండా ఉండాలంటే పెద్ద బ్యాటరీతో వేరే రకం పెట్టె కొనాలట. కాగితంలో చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉందట, నువ్వు సంతకం పెట్టిన చోటికి కాస్త పైన.

నీ మాట నేను కోయలేదు. మొత్తం రాసిచ్చాను. మా మేనేజరు బొమ్మలో అంత చోటు లేదు, చివరి ముక్క ఉంచు చాలు అన్నాడు. ఉద్యోగం ఇంకా ఖాయం కాని రోజులు. సరే అన్నాను. ఏం చేయమంటావు, గొంతు చించుకుని పోట్లాడమంటావా?

పైగా పగలు కరెంటు ఉన్నంతసేపు అది పనిచేస్తోంది కదా! బిల్లు సగానికి సగం తగ్గిందని పోయిన నెల నువ్వే రాశావు. అది మరిచిపోయి మొత్తం మోసం అంటే ఎలా? ఆఫీసులో నా బల్లకి ఎదురుగా నీ బొమ్మే పెట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నువ్వు నన్ను చూసి నవ్వుతూనే ఉంటావు. ఇప్పుడు తలెత్తాలంటే భయంగా ఉంది.

వీధివాళ్ళకి కాస్త నచ్చజెప్పు. నువ్వు చెబితే వింటారు.

నీ
వాగుడుకాయ


ఏప్రిల్ 23

ఓసి నీ తెలివి తగలెయ్య,

నేను చెబితే వింటారనే కదే ఈ కొంప ముంచావు! మళ్ళీ నన్నే చెప్పమంటావా?

చిన్న అక్షరాల సంగతి ఎత్తావు చూడు, అక్కడ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా మొహం తలుపంత వేశారు. నా చేత అబద్ధం తాటికాయంత అక్షరాలతో చెప్పించారు. నిజం చెప్పడానికి వచ్చేసరికి చీమ తలకాయంత అక్షరాలు దొరికాయా? మాస్టారు భూతద్దం పెట్టి ఆ పేజీ చదివారు. చదివి, మడిచి, నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. ఆయన నాలుగు మాటలు అన్నా బాగుండేది.

బిల్లు తగ్గింది, కాదనను. ఎండ ఉంటే, కరెంటు ఉంటే, అది బంగారంలా పనిచేస్తుంది. ఆ మాటే రాసి అమ్మచ్చు కదా? అలా అమ్మితే కొనేవాళ్ళే లేరా? ఉన్న గుణం చెప్పుకోవడానికి సిగ్గెందుకు, లేని గుణం అంటించడం ఎందుకు?

టైలరమ్మ మాట్లాడడం మానేసింది. మిల్లులో పక్క మగ్గం మనిషి అది. చెవులు ఒకేసారి పోగొట్టుకున్నాం. పెదాల కదలికతోనే గంటలు గంటలు కబుర్లు చెప్పుకున్నాం. ఇప్పుడు నేను ఎదురుపడితే మొహం పక్కకి తిప్పుకుంటుంది. చెవుల్లేని వాళ్ళం, మొహం తిప్పుకుంటే మాట తెగిపోయినట్టే. కోడిపిల్లల కోసం వచ్చేవాళ్ళు కూడా "ఇవి బతుకుతాయా, లేక ఇదీ బొమ్మలో చెప్పినట్టేనా" అంటున్నారట. ఇన్నేళ్ళలో నా దగ్గర కొన్న పిల్ల గురించి ఒక్కరు ఒక్క మాట అనలేదు.

ఆ బొమ్మ తీయించు. ఇంకేం అడగను. మాట పడి బతకడం నాకు అలవాటు లేదు.

అత్త

స్తంభం ఈ గొడవలో తలదూర్చడు. "నీకూ దానికీ మధ్య నేనొస్తే షాకే" అని పారిపోతున్నాడు.


ఏప్రిల్ 30

అత్తా,

అడిగాను. గుమ్మంలో నిలబడి అడిగాను, కూర్చుని అడిగాను, కాగితం మీద రాసి అడిగాను. "ఆ బొమ్మ బాగా అమ్ముతోంది" అన్నాడు మేనేజరు. నువ్వు సంతకం పెట్టిన కాగితాల్లో బొమ్మ వాడుకోవచ్చని కూడా ఉందట. "మీ అత్తగారు ఎంత సహజంగా నవ్వారో చూడు" అని మెచ్చుకున్నాడు కూడా. గోడకి చెప్పుకున్నా కాస్త నయం. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఇప్పుడు నువ్వు కూడా తిడితే నేనెక్కడికి పోవాలి?

కోపం వచ్చి రాస్తున్నాను అనుకోకు. కానీ మీ వీధివాళ్ళు నిన్ను అడిగారు, నువ్వు నన్ను అడిగావు, నేను వాణ్ణి అడిగాను. మూల మీద కొట్టు పెట్టుకుని వాటిని అమ్మిన డీలరు చొక్కా పట్టుకుని ఒక్కరూ ఎందుకు అడగరు? బిగించే వాళ్ళకి ఏదో చిట్కా తెలుసట. గొడవ చేసిన ఇళ్ళకి చిన్న పరికరం ఒకటి తగిలిస్తే కరెంటు పోయినా పెట్టె నడుస్తుందట. మా ఆఫీసులో టీ దగ్గర చెప్పుకుంటూ నవ్వుకుంటారు. నాకు అంతకంటే తెలియదు. వెళ్ళి వాణ్ణి నిలదీసి పెట్టించుకో. నీ గుడ్లైనా బతుకుతాయి, నా ప్రాణమూ కుదుటపడుతుంది.

విసిగిపోయిన
వాగుడుకాయ


మే 9

చిరంజీవి వాగుడుకాయకి బోలెడు ఆశీర్వాదాలు.

నీ నోట్లో చక్కెర పొయ్యా! ముందే ఈ ముక్క చెబితే నీకిన్ని తిట్లు తప్పేవి కదే.

డీలరు కొట్టుకి వెళ్ళి స్టూలు వేసుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. లోపలికొచ్చే ప్రతివాడికీ "ఆ బొమ్మలో ఉన్నది నేనే, అది అబద్ధం" అని చెప్పడం మొదలుపెట్టాను. నాకు వినపడదు కాబట్టి నా గొంతు ఎంత పెద్దగా ఉంటుందో నాకు తెలియదు. వీధి చివరికి వినపడిందట. మధ్యాహ్నానికే మనిషిని పంపాడు. మీ కంపెనీ చొక్కానే వేసుకుని వచ్చాడు. తెల్ల పెట్టె కింద చిన్న పెట్టె, ఒక బ్యాటరీ తగిలించాడు. వీధి కరెంటు పోగానే ఈ చిన్నది పెద్దదానికి "కరెంటు ఉంది, ఉంది" అని అబద్ధం చెబుతుందట. పెద్దది నమ్మేసి పని మొదలుపెడుతుందట. మీ కంపెనీలో పెట్టెలు కూడా ఒకదానికొకటి టోపీ పెట్టుకుంటాయన్నమాట.

మొన్న కరెంటు పోతే నా ఇంట్లో ఫ్యాను తిరిగింది, మిషన్‌లో దీపం వెలిగింది. టైలరమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. పెదాలు కదిపింది. "నాకూ పెట్టించవే" అంది. ఆ రెండు మాటలు చూడగానే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రేపు తనకి, తరవాత మాస్టారికి. అందరికీ ఒక్కొక్కటీ పెట్టించేదాకా ఆ డీలరుని వదలను. నేను పడగొట్టుకున్న మాట నేనే నిలబెట్టుకుంటాను.

ఒక్క సంగతి. స్తంభానికి చెప్పకు. వాడికి ఇంట్లో దొంగ తీగ ఒక్కటి కనపడినా పూనకం వస్తుంది. మిషన్ వెనక గుడ్ల అట్టలు పేర్చి అది కనపడకుండా కప్పేశాను. నా మీద ఒట్టు. ఫోన్‌లో నోరు జారావో, ఈ జన్మలో నీతో మాట్లాడను.

అత్త


మే 16

అత్తా,

ఈ ఉత్తరం అందగానే అన్నీ పక్కన పెట్టి ఆ చిన్న పెట్టె పీకించెయ్. చదవడం తరవాత, ముందు పీకించు.

నువ్వు రాసినది చదివి నవ్వుకుని, పెట్టెలు టోపీ పెట్టుకోవడం గురించి మా ఇంజనీరుకి సరదాగా చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. ఆ తెల్ల పెట్టె ఆగిపోవడం లోపం కాదట అత్తా. కావాలనే అలా చేశారట. వీధిలో కరెంటు పోయిందంటే ఎవరో ఒక మనిషి స్తంభం మీద తీగ పట్టుకుని ఉండొచ్చు. ఆ సమయంలో మన ఇంట్లో పుట్టిన కరెంటు మీటరు దాటి వెనక్కి, ఆ తీగలోకి వెళితే ఆ మనిషి బతకడు. అందుకే పెట్టె నోరు మూసుకుంటుందట. ఇంటి మెయిన్ స్విచ్చి తీసేసి వీధి తీగని పూర్తిగా విడగొట్టకుండా ఆ చిన్నది తగిలిస్తే, ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు ఎవరి జేబులో ఉన్నా ఒకటేనట. కరెంటు కింద ఇళ్ళలోంచి వస్తుంది.

ఆ మనిషి ఎవరో మనకి తెలుసు కదా అత్తా.

బావకి చేద్దామని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. నీ ఒట్టు గుర్తొచ్చి పక్కన పెట్టేశాను. నువ్వు అన్నంత పనీ చేస్తావు. అందుకని ఉత్తరం వేగంగా వెళ్ళేలా ఎక్కువ తపాలా బిళ్ళలు అంటించి పంపుతున్నాను. చదవగానే నువ్వే వాడికి చెప్పు. అరిస్తే అరవనీ.

వాగుడుకాయ


మే 19

నీకు,

వాడు ఆసుపత్రిలో ఉన్నాడు.

నిన్న గాలికి కొమ్మ విరిగి మన ఇంటి ముందు తీగల మీద పడింది. స్తంభం నుంచి ఇళ్ళకి వచ్చే తీగలు నాలుగు తెగాయి. వాడు ఫ్యూజు పీకి జేబులో వేసుకుని ఎక్కాడు. ఎదురింటి తీగకి టెస్టరు పెట్టి చూశాడట, ఆ పక్కింటి తీగకి చూశాడట, మన పక్కింటి తీగకీ చూశాడట, దేన్లోనూ కరెంటు లేదు. నాలుగోది మనది. దానికి చూడలేదు. మన ఇల్లే కదా అనుకున్నాడు. ఉత్త చేత్తో పట్టుకున్నాడు.

నడుముకి పట్టా ఉంది కాబట్టి కింద పడలేదు. పైన వేలాడాడు. నేను మిషన్ దగ్గర ఉన్నాను. దీపం వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, నాకు ఒక్క కేకా వినపడలేదు. టైలరమ్మ వచ్చి నా భుజాలు పట్టి ఊపింది.

ప్రాణం పోలేదు. కుడి చెయ్యి మాడిపోయింది. వేళ్ళు రెండు వంగుతాయో వంగవో ఇప్పుడే చెప్పలేమన్నారు.

ఏదో చిట్కా ఉందట అన్నావు. నవ్వుకుంటారట అన్నావు. పెట్టించుకో అన్నావు. ఏమిటి, ఎందుకు అని ఒక్క మాట కనుక్కోకుండా రాశావు. పెట్టింది నేను. నా కొడుకుని నా ఇంట్లో తీగతో కొట్టించాను.

ఇంక నాకు రాయకు.


మే 27

అత్తా,

రాయకు అన్నావు. రాస్తున్నాను. నీ కోపం నీది, నా ఉత్తరం నాది.

నేను ఆసుపత్రికి వచ్చిన రోజు నువ్వు గోడవైపు తిరిగి కూర్చున్నావు. నేను ఎదురుగా వస్తే కళ్ళు మూసుకున్నావు. చెవులు లేని మనిషి కళ్ళు మూసుకుంటే నేనెలా మాట్లాడను? నన్ను కొట్టినా బాగుండేది. బావే నయం. కట్టు కట్టిన చెయ్యి ఎత్తి, "చూశావా, ఇప్పుడు నేను కూడా మీ కంపెనీ ప్రకటనే" అన్నాడు. వాడి హాస్యం తగలెయ్య, నాకు నవ్వు రాలేదు. బయటికొచ్చి వరండాలో కక్కుకున్నాను.

నా ఉత్తరం నీకు అదే రోజు సాయంత్రం చేరి ఉంటుంది. ఒట్టు పెట్టించుకున్నది నువ్వు, పాటించినది నేను. మనిద్దరికీ బుద్ధి లేదు. ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. నేను రోజూ పడుకునేముందు అది చేస్తూనే ఉన్నాను అత్తా, మనసులో.

ఇప్పుడు అసలు సంగతి విను. నిన్న మేనేజరు పిలిచాడు. అన్ని ఊళ్ళలోనూ అంటించడానికి ఒక నోటీసు రాయమన్నాడు. "వినియోగదారులు తమంతట తాము చేసుకున్న మార్పులకు కంపెనీ బాధ్యత వహించదు." తమంతట తాము! మా చొక్కా వేసుకున్న మనిషి వచ్చి బిగించాడు సార్ అన్నాను. ఆ మనిషి మా జీతగాడు కాదు, డీలరు మనిషి అన్నాడు. డీలరుకి ఫోన్ చేస్తే చొక్కా కంపెనీది, మనిషి బయటివాడు, నాకేం తెలియదు అన్నాడు. చొక్కా ఒకడిది, మనిషి ఒకడు, పాపం ఎవరిదీ కాదు. నాకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యి కాలింది మా బావది సార్ అన్నాను. "అయితే నువ్వే రాయి, మరీ సహజంగా వస్తుంది" అన్నాడు.

కాగితం తీసుకుని రాసిచ్చాను. "వీధిలో కరెంటు పోతే ఈ పెట్టె ఆగిపోతుంది. స్తంభం మీద ఉన్న మనిషి బతకడానికి అలా ఆగాలి. ఆగదని చెప్పి అమ్మినవాళ్ళం మేమే." చదివాడు. బల్ల ఖాళీ చేయమన్నాడు.

వస్తూ వస్తూ గోడమీద నీ బొమ్మ పీకి తెచ్చుకున్నాను. మడతపెడితే నీ మొహం విరుగుతుందని చుట్టచుట్టి చంకలో పెట్టుకుని బస్సెక్కాను. గదిలో మూలన నిలబెట్టాను. ఇంకా నవ్వుతూనే ఉన్నావు. నిజంగా నువ్వెప్పుడు నవ్వుతావో తెలియదు.

జవాబు రాయకపోయినా పరవాలేదు. చింపకుండా చదువు చాలు.

వాగుడుకాయ


జూన్ 19

వాగుడుకాయకి,

చింపలేదు. రెండు ఉత్తరాలూ చదివాను. బిళ్ళలన్నీ అంటించి పంపిన ఉత్తరం నేను ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి గుమ్మంలో పడి ఉంది. చదివి దాన్ని, నిన్ను, నన్ను, ముగ్గురినీ కలిపి తిట్టాను. మెల్లగానే తిట్టాననుకున్నాను. మాస్టారు లోపలికొచ్చి మంచినీళ్ళిచ్చారు.

నువ్వు ఫోన్ చేయలేదని నా కోపం ఇంకా పోలేదు. పోయిందని అబద్ధం రాయను. నా ఒట్టుకి ఆ విలువ ఏమిటే? నా మీద ఒట్టు పెట్టుకుని వాడి మీదకి తెచ్చాం. కానీ నిన్నొక్కదాన్నే తిడుతుంటే నాకు ఊపిరి ఆడడం లేదు, ఎందుకంటే తగిలించుకున్నది నేను, అట్టలు కప్పి దాచింది నేను. ఉద్యోగం పోయినందుకు మాత్రం ఓదార్చను. అది పోవాల్సిందే. ఆ కాగితం రాసిచ్చావు చూడు, అందుకే ఈ ఉత్తరం.

నీ నోటీసు ఇక్కడికి కూడా వచ్చింది, నువ్వు రాయనిది. సరిగ్గా నా బొమ్మ పక్కనే అంటించారు. తమంతట తాము చేసుకున్నారట. చూడగానే వెళ్ళి రంగుడబ్బా తెచ్చాను. స్టూలెక్కి నా మొహం పైన ఉన్న ఖాళీలో, చోటు లేదన్నాడే మీ వాడు, ఆ చోట్లోనే ఎర్ర రంగుతో రాశాను. "నా కొడుకు లైన్‌మన్. వాడు స్తంభం ఎక్కుతాడు. అందుకని" అని. కింద వాళ్ళు రాసినది ఎలాగూ ఉంది, "కరెంటు పోయినా నాకు దిగుల్లేదు" అని. ఇప్పుడు చదివితే నా మాట నాకు తిరిగొచ్చింది. ఆ కింద ఇంకో వరస రాశాను: "ఈ పెట్టె మాత్రం ఆగిపోతుంది. ఆగిపోవాలి."

అంతకుముందే, నీ బిళ్ళల ఉత్తరం చదివిన మర్నాడే, ఇళ్ళకి బయల్దేరాను. అప్పటికే ఆ దొంగ పెట్టె ఇంకో ఐదిళ్ళలో ఉంది, అన్నీ నేను దగ్గరుండి పెట్టించినవే. మళ్ళీ నేనే వెళ్ళి పీకించాలంటే మొహం ఎక్కడ పెట్టుకోను? అయినా వెళ్ళాను. టైలరమ్మ తలుపు తీయగానే వాడి చెయ్యి ఎలా ఉందో వేళ్ళతో చూపించాను. తను లోపలికెళ్ళి ఆ చిన్న పెట్టె తీగలతో సహా తెచ్చి నా చేతిలో పెట్టింది. మిగతా ఇళ్ళలోనూ అంతే. అన్నీ ఒక గోనెసంచిలో వేసి డీలరు కొట్టు గుమ్మంలో కుమ్మరించాను. అప్పుడు మాత్రం గొంతు తగ్గించే ప్రయత్నం చేయలేదు.

స్తంభం ఇంటికొచ్చాడు. రెండు వేళ్ళు వంగడం లేదు. ఎడమచేత్తో అన్నం తింటున్నాడు. నా మీద కోప్పడడేం అని నాకు ఇంకా కోపం. మొన్న అడిగాడు: "అమ్మా, ఇకనుంచి ఎక్కేముందు ఏది జేబులో వేసుకోవాలి?"

అత్త


ఆగస్టు 30

చిరంజీవి వాగుడుకాయకి,

వాడి ప్రశ్నకి జవాబు దొరికింది. రాస్తున్నాను, చదువు.

వాడు డ్యూటీలో చేరి పది రోజులైంది. ఇప్పటిదాకా వేరే వీధుల్లో కింద పనులే ఇచ్చారు. నిన్న పొద్దున్న మా వీధిలోనే తీగ తెగింది, అదే స్తంభం దగ్గర. తోడుగా వచ్చిన మనిషి నేనెక్కుతాలే అన్నాడు. మనవాడు వినలేదు. ఇవాళ ఎక్కకపోతే ఇంకెప్పుడూ ఎక్కలేను అన్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. నిచ్చెన మీద కాలు పెట్టి ఆగిపోయాడు. వీధిలో ఇళ్ళన్నిటినీ ఒక్కొక్కటే చూశాడు. డాబాల మీద పలకలు మెరుస్తున్నాయి. పెట్టిన కాలు మళ్ళీ నేల మీదికి దించేశాడు.

నేను లోపలికెళ్ళి స్టూలు, గుడ్ల అట్ట ఒకటి తెచ్చాను. స్తంభం మొదట్లో కూర్చుని అట్ట ఒళ్ళో పెట్టుకున్నాను. తెల్ల పెట్టెకి దాని ఫ్యూజు దానికి ఉంటుంది కదా, పీకితే చేతిలోకి వస్తుంది. నాది పీకి మొదటి గుంటలో పెట్టాను. "పలకలున్న ప్రతి ఇల్లూ తెచ్చి ఇందులో పెట్టండి. అందరివీ వచ్చేదాకా నా కొడుకు ఎక్కడు" అని అరిచాను. పరికరాల మీద నాకు నమ్మకం పోయిందే. మనిషి వచ్చి నా ఒళ్ళో పెట్టాలి.

టైలరమ్మ తెచ్చింది. మాస్టారు తెచ్చారు, గుంటలకి సుద్దముక్కతో ఇంటి నంబర్లు కూడా వేశారు. ఒకరి తరవాత ఒకరు వచ్చారు. చివరికి నంబరు వేసిన గుంటల్లో ఒకే ఒక్కటి మిగిలింది. డీలరు కొట్టుది. వాడి కొట్టు మీదా పలకలున్నాయి. కబురు పంపితే, "నా దగ్గర దొంగ పెట్టె లేదు, నేనెందుకు ఇవ్వాలి" అన్నాడట. మా ఇంట్లోనూ లేదనే అనుకున్నాడు కదే నా కొడుకు! సరే, కూర్చుంటాం అన్నాను.

కూర్చున్నాం. ఎండెక్కింది. ఫ్యాన్లు లేవు, మిల్లులో మోటార్లు లేవు, దంతాల డాక్టరు రోగిని నోరు తెరిచి ఉంచి వరండాలోకి వచ్చాడు. నా మిషన్‌లో గుడ్లు సరిగ్గా పగిలే దశలో ఉన్నాయి. మాస్టారు ఆ సంగతి గుర్తుచేశారు. పోతే పోనీ అన్నాను. టైలరమ్మ వెళ్ళి తన ఇంట్లో దుప్పట్లన్నీ తెచ్చి మిషన్ మీద కప్పి వచ్చి నా పక్కనే కూర్చుంది. వీధిలో ఒక్కరు కూడా, ఒక్కరంటే ఒక్కరు కూడా, ఇంక కానియ్యమ్మా అనలేదు. ఏప్రిల్‌లో నా గుమ్మంలోకి తిట్టడానికి వచ్చినవాళ్ళే. నాకు వాళ్ళ మొహాలు చూడాలంటే ఏడుపొచ్చి నేల చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం దాటాక వచ్చాడు డీలరు. ఫ్యూజు తెచ్చి ఆఖరి గుంటలో పెట్టాడు. ఏదో అన్నాడు. నేను వాడి పెదాలు చూడలేదు. క్షమించమన్నాడో తిట్టాడో నాకు అక్కర్లేదు. పక్కన నేల చూపించాను, నా కొడుకు దిగేదాకా ఇక్కడే కూర్చోమన్నాను. కూర్చున్నాడు. సరిగ్గా నా బొమ్మ ఎదురుగా.

మనవాడు ఎక్కాడు. మన ఇంటి తీగకి కూడా టెస్టరు పెట్టి చూశాడు. రెండుసార్లు చూశాడు. చూసి కిందికి నావైపు తల ఊపాడు. ఆ వంగని వేళ్ళతోనే తీగ ముడివేశాడు. దిగాక నేను అట్ట పట్టుకుని ప్రతి ఇంటికీ వెళ్ళి ఎవరి ఫ్యూజు వాళ్ళకిచ్చి వచ్చాను. ఇకనుంచి మా వీధిలో ఇదే పద్ధతి. పై ఆఫీసరుకి నచ్చకపోతే ఆయన్నే వచ్చి ఎక్కమన్నాం.

గుడ్ల సంగతి అడుగుతావు. దుప్పట్లు తీసి ఒక్కొక్క దానికీ వేలు ఆనించాను. కొన్ని తగిలాయి, కొన్ని తగల్లేదు. తగలనివి పోయాయో, నా వేలికే తెలియడం లేదో చెప్పలేను. వయసు మీదపడుతోంది. ఇక్కడ చెవులున్న మనిషి ఒకరు కావాలి. ఉత్తరం రాస్తూ కూర్చోక, ఆ బొమ్మ చుట్ట అక్కడే పారేసి, రేపు బస్సెక్కు. తిట్లు ఇంకా మిగిలే ఉన్నాయి, వచ్చాక పెడతాను. ముందు వచ్చి ఈ గుడ్లకి చెవి పెట్టి విను.

అత్త